గోగునార తాడు

మరిది అబ్బులు చేత తులసికోట మీద చెయ్యి వేయించి, గుర్రాన్ని తుపాకీతో కాల్చి చంపేస్తానని ఒట్టు పెట్టించుకున్న దగ్గర కిందటి వారం వీరవేణిని వదిలిపెట్టాం. కథ మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పుకుని ముందుకు పోదాం.

ఉప్పాడకి ఇవతల, సముద్రం ఏటా కొంత కొంత కొరుక్కు తినే పల్లె అది. నూకాలమ్మ జాతరకి అక్కడ దుముకుడు పందెం కట్టడం తాతల నాటి ఆచారం. పొగరుబోతు గుర్రానికి జీను వేసి ఎక్కాలి. ఎడంచేత్తో ఒక్క పగ్గం పట్టుకోవాలి. కుడిచేత్తో కండువా పైకెత్తాలి. డప్పు ఆగేదాకా గుర్రం ఎంత ఎగిరి కుమ్మినా ఆ చెయ్యి కిందికి దిగకూడదు, జీనుని తాకకూడదు. అమ్మిరాజు గారింట్లో చుక్క అని ఒక ఆడగుర్రం ఉండేది. కాకినాడలో ఆటోలు వచ్చి జట్కాలు మూలపడ్డాక, బండికి కడితే తన్నేస్తోందని దాని యజమాని వదిలించుకుంటే ఈయన తోలుకొచ్చారు. పందేనికి దాన్ని మించిన గుర్రం చుట్టుపక్కల లేదని పేరు. కిందటేడు జాతరలో ఆ చుక్క మీద నుంచే ఆయన పెద్దకొడుకు దొరబాబు పడ్డాడు. జీనుకి వేలాడే రికాబులో కాలు ఇరుక్కుపోయింది. మనిషి మళ్ళీ లేవలేదు.

దొరబాబు భార్యే మన వీరవేణి. పెళ్ళై ఏడాది తిరగకుండానే బొట్టు చెరిపేసుకుంది. ఆనాటి నుంచి ఆమె నోట ఆ గుర్రం పేరు రాలేదు. "అది" అంటుంది, లేకపోతే "ఆ ముండ" అంటుంది. అత్తగారు రత్నమాణిక్యం కూడా అంతే. అమ్మిరాజు గారు మాత్రం కొడుకుని చంపిన గుర్రానికి తన చేత్తో గుగ్గిళ్ళు పెడుతూ, వేపనూనె రాస్తూ కూర్చున్నారు. ఊరంతా బుగ్గలు నొక్కుకుంది. ఇంట్లో ఆడవాళ్ళిద్దరూ ఆయనతో మాటలు తగ్గించేశారు.

మళ్ళీ జాతర వచ్చింది. ఈసారి పందెం లేదని పెద్దలు తేల్చి చెప్పారు. జాతర రోజు పొద్దున్నే అమ్మిరాజు గారు మోకాలు చూపించుకోవడానికి కాకినాడ బస్సెక్కారు. ఊళ్ళో ఉండి ఆ డప్పులు వినలేక వెళ్ళారని అందరికీ తెలుసు. ఆయన బస్సు మలుపు తిరిగిందో లేదో అబ్బులు వంటింటి గుమ్మంలోకి వచ్చాడు.

"వదినా, గట్టి తాడేదైనా ఉందా?"

ఎందుకని వీరవేణి అడగలేదు. శీతాకాలమంతా కూర్చుని పేనిన గోగునార తాడు అటక మీద నుంచి తీసి ఇచ్చింది. అబ్బులు దాన్ని రెండు చేతులా లాగి చూశాడు.

"ఇవాళ్టితో దాని పీడ వదిలిపోవాలి అబ్బులూ."

"వదిలిస్తాను వదినా. నువ్వు బెంగ పెట్టుకోకు."

అతను గుర్రాన్ని దొడ్డిదారిన తోలుకుపోతుంటే గిట్టల చప్పుడు వినిపించింది. వీరవేణి మొహం గోడవైపు తిప్పేసుకుంది. చావబోయేదాన్ని కూడా చూడబుద్ధి కానంత కోపం ఆమెది.

అత్తగారు గుడికి వెళ్ళిపోయింది. వీరవేణి వంట చేసింది, గిన్నెలు తోమింది, చెవులు మాత్రం సముద్రం వైపే పెట్టుకుంది. సరుగుడు తోట అవతల ఎప్పుడో ఒకప్పుడు తుపాకీ పేలాలి. మధ్యాహ్నం దాటింది. పేలలేదు. గాలి అటు మళ్ళి ఉంటుంది, వినపడి ఉండదులే అని సరిపెట్టుకుంది. పోయిందన్న నమ్మకం కుదిరాక లేచి, కొంగు దోపుకుని, ఏడాదిలో మొదటిసారి గుర్రపుసాలలో అడుగు పెట్టింది. ఆ జంతువు ఆనవాలు ఏదీ ఇంట్లో మిగలకూడదని ఆమె పంతం. గడ్డి, గోనెలు, నీళ్ళ తొట్టి, అన్నీ బయటికి లాగి తగలబెట్టాలి.

జీను కొక్కెం ఖాళీగా ఉంది. మంచిదే, దాన్ని కూడా అబ్బులే పట్టుకుపోయి సముద్రంలో పారేసి ఉంటాడనుకుంది. కుడితి తొట్టి కింద ఉన్న గోనెసంచి పట్టి లాగింది. లోపల ఏదో పాములా చుట్ట చుట్టుకుని తగిలింది. కెవ్వుమని అరిచి వదిలేసింది. కదలకపోయేసరికి ధైర్యం చేసి సంచి దులిపింది.

తాడు. గోగునారతో మూడు పాయలుగా పేనిన తాడు. పసుపు పూసిన రంగు వెలిసిపోయింది గానీ, మధ్యలో సన్నటి ఎర్ర నూలు పోగు అలాగే ఉంది. ఆ పోగు ఉప్పాడ మగ్గాల దగ్గర అడిగి తెచ్చుకున్నది. ఇంకెవరి తాడుకీ అలాంటి పోగు ఉండదు, ఎందుకంటే అది ఆమె సొంత ఆలోచన.

తుని దగ్గర ఆమె పుట్టింటివాళ్ళు తరతరాలుగా గోగు వేసి, నార తీసి, తాళ్ళు పేనేవాళ్ళు. కొత్త కాపురంలో మొగుడికి ఏదైనా తన చేత్తో చేసి ఇవ్వాలని మురిసిపోయింది పిచ్చిది. పందెపు గుర్రానికి వెనక డొక్క చుట్టూ వదులుగా ఒక పట్టీ కడతారు. అది తగులుతుంటే గుర్రం చిరాకు పడి వెనక కాళ్ళు ఝాడించి ఎగురుతుంది, విప్పేస్తే శాంతిస్తుంది. దొరబాబు పాత తోలుపట్టీ మాసిపోయిందని, అమ్మవారికి మొక్కుకుని, పసుపు పూసి, ఈ డొక్కతాడు పేని ఇచ్చింది. దొరబాబు దాన్ని మెడలో దండలా వేసుకుని ఇల్లంతా తిరిగాడు. ఆయనతో పాటు ఆ తాడు కూడా చితిలో పోయిందనే ఆమె ఇన్నాళ్ళూ అనుకుంటోంది.

ముడి వేసింది వేసినట్టే ఉంది. ఆ పక్కన తాడు పదునైన దానితో తెగింది. ముడిని గోటితో కదిపి చూసింది. రాయిలా ఉంది. ఆడించడానికి కూడా వీల్లేకుండా బిగుసుకుపోయింది.

"గుర్రం ఏదమ్మా?"

ఉలిక్కిపడి తిరిగింది. అమ్మిరాజు గారు సాల గుమ్మంలో నిలబడి ఉన్నారు. చేతిలో మందుల సంచి, కాలికి కొత్త కట్టు. బస్సు దిగి నేరుగా ఇటే వచ్చినట్టున్నారు.

"తీసుకెళ్ళారు."

"ఎవరు?"

"అబ్బులు. నేనే తీసుకెళ్ళమన్నాను. ఇంక దానికి గుగ్గిళ్ళు ఉడకపెట్టక్కర్లేదండి మీరు."

ఆయన కేకలేస్తారనుకుంది. కర్ర ఆనించి గోడవార కూలబడ్డారు. మొహం చేత్తో తుడుచుకున్నారు.

"సరే," అన్నారు. "పోనీలే. నోరులేనిది. ఎన్నాళ్ళని మోస్తుంది!"

ఆ మాటకి వీరవేణి ఒళ్ళు మండిపోయింది. ఏడాదిగా నమిలి మింగిన మాటలన్నీ ఒక్కసారి బయటికి వచ్చాయి.

"అది మోసిందాండీ? మోస్తున్నది నేనూ, అత్తయ్యా! కన్నకొడుకుని తొక్కి చంపినదానికి మీరు పక్కన కూర్చుని నూనె రాస్తారా? కొడుకుకన్నా ఆ గుర్రమే ఎక్కువైపోయింది మీకు. నేను పరాయిదాన్ని, నా సంగతి వదిలెయ్యండి. అత్తయ్య మొహం చూసైనా సిగ్గుండక్కర్లేదా?"

మామగారి ఎదుట గొంతెత్తడం ఆ ఇంటి కోడలికి తగని పని.  ఆమె చేతిలో ఉన్నది ఆయన అప్పుడే చూశారు. చూసిన మరుక్షణం చెయ్యి చాపారు.

"అదెక్కడిది? ఇటివ్వు. పాత తాడమ్మా, పారేద్దామని పెట్టాను."

"నేను పేనింది నాకు తెలీదా మావయ్యగారూ? దీన్నెందుకు దాచారు? ఎవరు కోశారు?"

"చెప్పానుగా, పాతది..."

"నా మీద ఒట్టు. ఆయన మీద ఒట్టు. చెప్పండి."

కొడుకు మీద ఒట్టు పెట్టాక అమ్మిరాజు గారు తల వంచుకున్నారు. చెప్పకుండా ఉండడానికి ఆ మనిషి ఏడాదిపాటు పడ్డ పాట్లు తలుచుకుంటే జాలేస్తుంది. ఊరు తిట్టింది, పెళ్ళాం మాట్లాడ్డం మానేసింది, కోడలు కంచం విసురుగా పెట్టింది. అన్నీ మింగి ఊరుకున్నారు. ఇంక మింగే ఓపిక లేదు.

"పందెం ముందు గుర్రాన్ని సముద్రంలోకి దింపుతారమ్మా. అమ్మవారి పేరు చెప్పి, మెడదాకా ముంచి తీసుకొస్తారు. జీనుతో, పట్టీతో సహా. మీ ఆడవాళ్ళు పందెం అయ్యేదాకా గుడి దగ్గరే ఉండాలి గనక నీకు తెలిసే దారి లేదు. కొత్తగా వచ్చినదానివి, నీకెవరు చెబుతారు?"

వీరవేణికి సగంలోనే అర్థమైపోయింది. గోగునార సంగతి ఆమెకి ఒకరు చెప్పాలా! వాకిట్లో మంచం వానకి తడిస్తే దాని తాళ్ళు ఎలా బిగుసుకుంటాయో, ఆ ముడి విప్పాలంటే గోళ్ళు ఎలా ఊడతాయో చిన్నప్పటి నుంచి చూసినదే. తొట్టి అంచు పట్టుకుంది.

"నీళ్ళలోంచి తీసుకొచ్చాక చూశాను," అన్నారు ఆయన. "ఏంట్రా ఇది, తోలుపట్టీ ఏమైందిరా అన్నాను. వేణి పేనింది నాన్నా అని నవ్వాడు. అంత సంతోషం వాడి మొహంలో ఎప్పుడూ చూడలేదమ్మా. అప్పుడే విప్పించాలి. పెద్దవాణ్ణి, నాకు తెలియాలి. వాడి నవ్వు చూసి ఊరుకున్నాను."

"మావయ్యగారూ..."

"డప్పు ఆగింది. జారుముడి కొస లాగేది నేనే. లాగాను, రాలేదు. మళ్ళీ లాగాను. అరచెయ్యి చీరుకుపోయింది గానీ ముడి కదల్లేదు. పట్టీ లోపలికి కోసుకుపోతుంటే ఆ గుర్రం ఆగమంటే ఎలా ఆగుతుంది? కొడవలి తెచ్చి కోసేసరికి అయిపోయింది. కోసిన క్షణంలో ఆగిపోయిందమ్మా చుక్క. వణుకుతూ వాడి పక్కనే నిలబడి తల దించింది. నెత్తురు వాసన చూస్తోంది రాక్షసి అన్నారు జనం. దాని డొక్క చుట్టూ పుండు. ఆ పుండుకే నేను నూనె రాసింది."

ఆయన కుడి అరచెయ్యి చాపారు. అడ్డంగా నల్లటి మచ్చ ఉంది. ఏడాదిగా అన్నం వడ్డిస్తూ కూడా వీరవేణి ఆ చేతిని సరిగ్గా చూడలేదు.

"మరి నాతో ఎందుకు చెప్పలేదు? గుర్రాన్ని తిడుతుంటే, మిమ్మల్ని తిడుతుంటే, ఎందుకు ఊరుకున్నారు?"

"ఏమని చెప్పను? పందొమ్మిదేళ్ళ పిల్లని పిలిచి, నీ తాడే నీ మొగుణ్ణి చంపిందని చెప్పమంటావా? గుర్రానికైతే మాటలు తగలవు. నాకైతే తగిలినా ఫరవాలేదు. తాడు పారేద్దామనే సముద్రం దాకా వెళ్ళాను. వాడు మెడలో వేసుకుని తిరిగిన తాడు. చేతులు రాలేదు."

వీరవేణి నేల మీద కూర్చుండిపోయింది. ఏడుపు రాలేదు.  ఏడాదిగా గుర్రం మీద పోసిన శాపాలన్నీ ఒక్కొక్కటే తిరిగి వచ్చి తన నెత్తిన కూర్చుంటున్నాయి. దొరబాబు తాడుని మెడలో వేసుకుని, 'చూడు, నీ తాళి నాకు' అని ఆటపట్టించిన మాట గుర్తొచ్చింది. తనే చంపుకుంది. చంపుకున్నది చాలక, ఏ పాపమూ ఎరగనిదాన్ని చంపమని ఆ పిల్లాడి చేతికి తుపాకీ ఇప్పించింది.

"ఇంకా పేలలేదండీ," అంది గబుక్కున లేస్తూ. "తుపాకీ చప్పుడు నేను వినలేదు. ఇంకా బతికే ఉందేమో! నేను వెళ్ళి ఆపుతాను."

అమ్మిరాజు గారు అర్థం కానట్టు చూశారు.

"ఏ తుపాకీ?"

"మన తుపాకీయే. అబ్బులు పట్టుకెళ్ళాడు."

"తుపాకీ సావిట్లో గోడకే వేలాడుతోందమ్మా. ఇప్పుడే దాని కిందనుంచే వచ్చాను."

 సరిగ్గా అప్పుడు గాలి ఇటు మళ్ళింది. సరుగుడు తోట అవతల నుంచి డప్పు వినిపించింది. గుడి దగ్గర అమ్మవారికి కొట్టే దెబ్బ నెమ్మదిగా, బరువుగా ఉంటుంది. ఇది అది కాదు. గబగబా, ఊపిరాడనివ్వని దెబ్బ. ఆ దెబ్బ వీరవేణి ఒకే ఒక్కసారి విన్నది. చచ్చేదాకా మరచిపోదు.

"పందెం లేదన్నారుగా!" అంది.

"పెద్దలన్నారు. కుర్రాళ్ళు విన్నారా?" అమ్మిరాజు గారు కర్ర పట్టుకుని లేవబోయి, మోకాలు సహకరించక మళ్ళీ కూలబడ్డారు. "నిన్న కల్లుపాక దగ్గర ఎవడో అన్నాడట, అన్నని పడేసిన గుర్రాన్ని ఎక్కే దమ్ము అబ్బులుకి లేదని. వాడి మొహం చూసి భయమేసింది నాకు. చంపేముందు ఒకసారి ఎక్కి చూపిస్తానని వెళ్ళాడు వెధవ! జీను ఏది?"

"జీను లేదండి. పొద్దున్నే పట్టుకుపోయినట్టున్నాడు."

"పట్టీ? తోలుపట్టీ నా గదిలో తాళం కింద ఉంది. ఇంకెవరూ ఈ పందెం జోలికి పోకూడదని నేనే దాచాను. పట్టీ లేకుండా వాడు చుక్కకి ఏం కట్టాడు?"

 అబ్బులు రెండు చేతులా లాగి చూసిన తాడు వీరవేణి కళ్ళ ముందు కనిపించింది. గట్టిదే ఇచ్చింది. శీతాకాలమంతా కూర్చుని, ఒక్క పోగు వదులు లేకుండా, శ్రద్ధగా పేని ఇచ్చింది.

ఆమె మొహం చూడగానే ముసలాయనకి అర్థమైపోయింది. గోడ పట్టుకుని లేచి, చూరులో దోపి ఉన్న కొడవలి లాగి ఆమె చేతికిచ్చారు.

"నేను పరిగెత్తలేనమ్మా. నువ్వు పో! ముడి జోలికి వెళ్ళకు. రాదు. కొయ్యి."

వీరవేణి పరిగెత్తింది. వీధిలో ఎవరో "అయ్యో, విధవరాలు ఎదురొస్తోంది" అన్నారు. సరుగుడు తోటలో పుల్లలు అరికాళ్ళలో దిగాయి. ఆడవాళ్ళు దాటకూడని గట్టు ఉందన్న సంగతి గట్టు దాటాక గాని గుర్తు రాలేదు. కిందటేడు కూడా ఇలాగే పరిగెత్తింది. వచ్చేసరికి దుప్పటి కప్పేశారు.

తీరంలో జనం వలయంగా నిలబడి ఉన్నారు. భుజాలు తోసుకుని ముందుకి దూరింది.

నిలువెల్లా తడిసిన చుక్క తలని ముందుకాళ్ళ మధ్యకి దించి, వెన్ను విల్లులా వంచి గాల్లోకి లేచింది. పడింది. మళ్ళీ లేచింది. దాని మీద అబ్బులు, కుడిచేతిలో అన్న కండువా. జనం ఈలలు వేస్తున్నారు. వెనక డొక్క చుట్టూ గోగునార తాడు నీళ్ళోడుతూ, కండలోకి దిగబడి ఉంది.

"ఆపండి! తాడు కొయ్యండి!" అని అరిచింది. డప్పులో ఆమె గొంతు ఎవరికి వినిపిస్తుంది?

డప్పు ఆగింది. జనం ఒక్కసారి హోరుమన్నారు. గెలిచాడు అబ్బులు! పాపాయి అనే జాలరి పక్కనే పరిగెడుతూ జారుముడి కొస అందుకుని లాగాడు. రాలేదు. మళ్ళీ లాగాడు. కొస జారి, మనిషి ఇసకలో వెల్లకిలా పడ్డాడు. చుక్క ఆగలేదు. కేకలు సద్దుమణిగాయి. కిందటేడు ఇక్కడే నిలబడ్డవాళ్ళకి ఏం జరగబోతోందో తెలిసిపోయింది. వలయం వెనక్కి వెనక్కి జరిగింది. అబ్బులు కండువా వదిలేసి రెండు చేతులా జీను పట్టుకున్నాడు. ఒక కాలు రికాబులోంచి ఊడింది. రెండోది లోపలికి జారి, మడమ దాకా దూరిపోయింది.

"వదినా!" అన్నాడు ఆమెని చూసి. చిన్నపిల్లాడి గొంతు.

అందరూ వెనక్కి వెళుతుంటే వీరవేణి ముందుకి నడిచింది. ఎవరో కొంగు పట్టుకున్నారు, విదిలించుకుంది. కొడవలిని చీర కుచ్చెళ్ళ చాటుకి తిప్పి పట్టుకుంది.  భయం లేకపోలేదు, భయపడే తీరిక లేదు. గుర్రం ఇటు తిరిగింది. నోట్లో నురగ, కళ్ళ నిండా తెల్లగుడ్డు, ఏడాదిగా ఆమె కలల్లోకి వచ్చి తొక్కుతున్న ఆ గిట్టలు. ఇసక లేపుకుంటూ నేరుగా ఆమె మీదికే వస్తోంది.

వీరవేణి పక్కకి తప్పుకోలేదు. ఎడమచెయ్యి చాపి, దొరబాబు పిలిచినట్టే, మెల్లగా పిలిచింది.

"చుక్కా!"